పుట్టింటికి పంపిన తాబేలు

నేను రిటైరవడానికి ఇంకా మూడేళ్ళున్నాయనగా, వేరుశనగ విత్తే జూన్ నెలలో, అటవీశాఖ నన్ను కుప్పం నుంచి పుంగనూరు సెక్షన్‌కు బదిలీ చేసింది. హోదా డిప్యూటీ రేంజ్ ఆఫీసర్. అంటే బీట్ ఆఫీసర్లకు పైన, రేంజర్‌కు కింద. తిట్లు మాత్రం రెండువైపుల నుంచీ. కుప్పంలో ఏనుగుల వెంట తిరిగి మోకాళ్ళు అరిగాయి కనుక, ఇక్కడ ఎక్కువగా తాబేళ్ళేనని విని సంబరపడ్డాను.

చేరిన వారానికే రామసముద్రం వైపు ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది, ఎవరో నక్షత్ర తాబేలును పట్టుకున్నారని. డిప్ప మీద పసుపు గీతలతో ముగ్గేసినట్టుండే ఈ జీవిని ఇంట్లో ఉంచుకున్నా జైలే. పంచనామా కాగితాలు, అంటే సాక్షుల ఎదుట రాసే నివేదిక, చంకన పెట్టుకుని బయల్దేరాను.

తీరా వెళితే దొంగలెవరూ లేరు. వ్యవసాయ బావి గట్టున మునిరత్నమ్మ అనే రైతు, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. గంపలో తాబేలు, డిప్పకు పసుపూ కుంకుమా. చేను దున్నుతుంటే దొరికిందట.

"పుట్టింటికి పంపిస్తాండాం సార్. ఎండలో యాడ తిరుగుతాదో, పాపం" అంది.

ఆమె లెక్కలో పుట్టిల్లంటే బావి. నక్షత్ర తాబేలేమో రాళ్ళూ పొదలూ ఉన్న గుట్టల్లో బతికేది. ఈత రాదు, నీళ్ళలో వేస్తే మునిగి చస్తుంది. నేను చట్టం సెక్షన్లు ఎత్తుకున్నాను.

"కేసు పెట్టుకో సార్. నీళ్ళు లేకుండా తాబేలు యాడైనా ఉంటాదా?" అంటూ గంపను బావి అంచుకు జరిపింది.

లాక్కుంటే తాబేలు దక్కుతుంది. ఆ పల్లె నుంచి ఇంకెప్పుడూ ఫోన్ రాదు. సెక్షన్లు వదిలేసి, దాని కాళ్ళు ఒక్కసారి చూడమన్నాను. నీటి తాబేలుకు బాతుకున్నట్టు వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది. దీనివి ఏనుగు కాళ్ళలా మొద్దుగా ఉన్నాయి. దీని పుట్టిల్లు ఎదురుగా ఉన్న గుట్టేనని చెప్పాను.

ఆమె తాబేలును తిప్పి చాలాసేపు చూసింది.

"పోయినేడు ఇంకోదాన్ని ఈ బాయిలోనే ఇడిసినాను సార్. హారతి కూడా ఇచ్చినాను. సంపేసినానా?"

మదనపల్లెలో బీట్ ఆఫీసర్‌గా చేరిన కొత్తలో నేనూ ఇలాంటి తాబేలునే చెరువులో వదిలి, 'సురక్షితంగా విడుదల చేయడమైనది' అని రాసి సంతకం పెట్టాను. అన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నువ్వూనా సార్?" అంది. కళ్ళు తుడుచుకుని, గంపెత్తుకుని గుట్టవైపు నడిచింది. తాబేలును పొదల్లో వదిలి, పంచనామా గుట్ట మీదే రాశాం. మొదటి సాక్షి సంతకం ఆమెదే.

ఆ తర్వాత చుట్టుపక్కల ఎక్కడ తాబేలు దొరికినా మాకంటే ముందు మునిరత్నమ్మకు కబురందేది. ఊళ్ళలో పెట్టే సభల్లో నేను చట్టాన్ని చివరికి నెట్టి, తాబేలు కాళ్ళతో మొదలుపెట్టేవాణ్ణి. ప్రేమ ఉన్నవాళ్ళకు చట్టం చదవనక్కర్లేదు, దారి చెబితే చాలు. చెప్పే ముందు ఆ దారి మనకు తెలిసుండాలి.