నీళ్లు దిగిన ఊళ్లో భోజనం

కారు నడపడం నేను నలభై దాటాక నేర్చుకున్నాను. ఆ ఎండాకాలం కర్నూలు నుంచి బద్వేలుకు ఒక్కదాన్నే బయలుదేరితే ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. నాకేమో తొందర లేదు. పెద్ద రోడ్డు వదిలేసి, ఊళ్ల మీదుగా, ఆకలైనచోట ఆగుతూ పోవాలని ఉండింది. ఓర్వకల్లులో ఒక బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఎదురుగా రాళ్లగుట్టలు అప్పుడే ఎండకు తెల్లబడుతున్నాయి.

నందికొట్కూరు దాటాక కృష్ణ వెనుక జలాలు చూద్దామని పక్కదారి పట్టాను. నీళ్లు ఉండాల్సిన చోట నెర్రెలిచ్చిన ఒండ్రు ఉంది. కారు గట్టు మీద ఆపి దిగాను. కాళ్ల కింద నత్తగుల్లలు పటపటమన్నాయి. కొంత దూరం పోయాక గాని నేను నడుస్తున్నది ఒక వీధి అని తెలియలేదు. రెండు వైపులా మోకాలెత్తు గోడలు, గడపరాళ్లు, ఒకచోట బోర్లాపడిన రోలు. డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన ఊరు. పిట్ట కూత కూడా లేదు.

ఆ గోడల మధ్య ఒకచోట పొగ లేస్తోంది. డెబ్బైకి దగ్గర పడిన ఒకావిడ మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. దగ్గరికి పోదామని గోడ మీద కాలు పెట్టాను.

"గోడ దాటి రావద్దమ్మా. వాకిలి ఆ పక్కుండాది," అంది తలెత్తకుండా.

చుట్టూ తిరిగి, గడపరాయి ఒక్కటే మిగిలిన వాకిట్లోంచి లోపలికి వెళ్లాను.

"యాడికి పోతాండావు, ఒక్కదానివే?"

"బద్వేలుకు."

"శానా దూరం. తిని పో."

రొట్టె మీద ఊరిబిండి, అదే చెనిక్కాయల పచ్చడి, వేసి, పచ్చి ఎర్రగడ్డ చితక్కొట్టి ఇచ్చింది. అది తాను కాపురానికొచ్చిన ఇల్లట. నీళ్లు బాగా దిగిన ఏడు వచ్చి ఒకపూట పొయ్యి ముట్టిస్తుందట. అల్లుడు ఆటోలో దించిపోయాడు, సాయంత్రం వచ్చి తీసుకుపోతాడు. ఆ మాటలు వింటుంటే మనసు కుదుటపడి, రెండో రొట్టె కూడా అడిగి పెట్టించుకున్నాను.

అప్పుడు ఆవిడ పక్కింటి పునాదుల వైపు తిరిగింది.

"వదినా, తింటివా?"

కాసేపు ఆగింది. తల ఊపి, ఒక రొట్టె తీసి రెండిళ్ల మధ్య గోడ మీద పెట్టింది.

పాత అలవాటు కాబోలు అనుకుని అడిగాను. "మీ వదిన ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?"

"ఈడనే. ఊరు ఖాళీ చేయమన్నెప్పుడు రానన్నాది. మేము బండ్లు కట్టుకొని పోతిమి. మళ్లీ వచ్చి చూస్తే అంతా నీళ్లే. ఎంత ఎతికినా దొరకలే."



"మీకు భయం వెయ్యదా?"

"పక్కింటామెకు భయమెందుకమ్మా?" అని పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

తిన్నంతసేపూ నా కళ్లు ఆ గోడ మీదికే పోతూ వచ్చాయి. రొట్టె అక్కడే ఉంది. చీమ కూడా పట్టలేదు.

సెలవు తీసుకుని, వాకిట్లోంచే బయటికి వచ్చాను. వీధి సన్నగా ఉన్నచోట ఎదురుగా ఎవరో వస్తున్నట్టనిపించి, దారి ఇద్దామని గోడవారకు ఒదిగి నిలబడ్డాను. అలా నిలబడ్డాకే తెలిసింది, వీధిలో ఎవరూ లేరని. నత్తగుల్లలు చప్పుడు చేయలేదు. గాలి లేదు. కానీ ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో, నా భుజం పక్కనుంచి తడి మట్టి వాసన పోయింది.

వెనక్కి చూశాను. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేచి, కొంగు సర్దుకుని, వాకిలికి అడ్డం తొలిగి నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు.

కారు దాకా పరుగెత్తలేదు గాని, నడిచానని కూడా చెప్పలేను. ఆత్మకూరు, నంద్యాల, మైదుకూరు ఎలా దాటానో సరిగ్గా గుర్తు లేదు.

బద్వేలు చేరేసరికి పొద్దు గుంకుతోంది. బస్టాండు పక్క హోటల్లో ఖాళీ బల్లలు చాలానే ఉన్నాయి. నేను మాత్రం పిల్లాపాపలతో ఒక కుటుంబం ఇడ్లీ తింటున్న బల్ల దగ్గరికి పోయి, "ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడిగాను.