బంపరు కింద పసుపు లైట్లు

నా జీపుకు కొత్త లైట్లు వేయించాలని నిశ్చయమైంది ఒక బర్రె వల్ల. వీపనగండ్ల అవతల ఒక రైతు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బర్రె ఈనలేక తిప్పలు పడుతోందని. ఇంకా తెల్లవారలేదు. కాలువ గట్టు మీది మట్టిబాటలోకి మళ్లగానే మంచు కమ్మేసింది. హెడ్‌లైట్లు పెద్దవి వేస్తే ఎదురుగా తెల్లటి గోడ, చిన్నవి వేస్తే అదే గోడ కాస్త మసకగా. దుప్పటి ముసుగు తన్నుకుని కళ్లు తెరిచినట్టుంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, గట్టు అంచున గడ్డి చూసుకుంటూ, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా పోయాను. నేను చేరేసరికి బర్రె దక్కింది గాని దూడ దక్కలేదు. రైతు నన్నేమీ అనలేదు. చేతులు కడుక్కోవడానికి వేడినీళ్లు తెచ్చి పోశాడు. అతను నాలుగు మాటలు అని ఉంటే నాకు నయంగా ఉండేది.

నేను పశువుల డాక్టర్ని. వనపర్తిలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో చెప్పడానికి పెద్ద కథ కూడా లేదు. చదువు, ఉద్యోగం, బదిలీలు, చూద్దాంలే అంటూ ఉండగానే చూసేవాళ్లు లేకుండా పోయారు. ముక్కు మీద కోపం అని నాకు పేరుంది, అబద్ధం కాదు. నా ఫోన్ మోగిందంటే అవతల ఏ మేకకో కడుపు ఉబ్బిందని అర్థం. పండగ రోజు కూడా మోగుతుంది, మేకలకు పండగలు తెలియవు కదా. నేనెలా ఉన్నానని అడగడానికి మాత్రం మోగదు. సాయంత్రం దవాఖాన తలుపు మూసినప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటి రైతు పలకరించేదాకా ఒక్క మాట కూడా మాట్లాడని రోజులు చాలానే ఉన్నాయి. ఆ మొదటి మాట గొంతులోంచి గీరుకుంటూ వస్తుంది.

జీపు బల్మూర్‌లో పనిచేసిన రోజుల్లో కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే పాత బండి. వాన పడ్డ నల్లరేగడిలోంచి కూడా గురగురమంటూ బయటికి లాక్కొస్తుంది. వెనక ఎదురెదురుగా రెండు బల్లసీట్లు. చలికాలం పొద్దుటిపూట ఆ బల్లలు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు. దవాఖాన తెరిచేలోపు పల్లెల్లో పశువులను చూడడానికి పోతుంటే, శ్రీరంగాపూర్ దాటాక, పత్తి ఏరడానికో మిరప చేలకో కూలికి పోయే ఆడవాళ్లు గుంపుగా నడుస్తూ కనిపించేవాళ్లు. నా జీపు హెడ్‌లైట్లలో ఒకటి తేట, ఒకటి మసక. ఆ మెల్లకన్ను చూసే "బర్ల డాక్టరమ్మ బండి" అని గుర్తుపట్టి చెయ్యెత్తేవాళ్లు. ఆపితే సద్దిగిన్నెలతో సహా ఎక్కి కూర్చునేవాళ్లు. ఇక బండి నిండా ఉల్లిగడ్డ వాసన, తొక్కు వాసన, ముచ్చట్లు. వాళ్లలో అందరికన్నా పెద్దది ఒక ముసలమ్మ. మేకలు పెంచుతుంది, నోరు పెద్దది.

"పెండ్లెందుకు చేసుకోకపోతివి డాక్టరమ్మా?" అని అడిగేది, ఎక్కిన ప్రతిసారీ కొత్తగా.

"నీకెందుకవ్వా? నీ మేకల సంగతి నువ్వు చూసుకో," అని కసిరేదాన్ని. వెనక అందరూ గొల్లున నవ్వేవాళ్లు. నేను అద్దంలో చూసి మూతి ముడుచుకునేదాన్ని గాని నాకూ నవ్వొచ్చేది. రోజు మొత్తం మీద నేను మనుషుల మధ్య ఉన్నది ఆ కాసేపే. అప్పట్లో ఆ సంగతి నాకు తెలియదు. వాళ్లకు నేనేదో ఉపకారం చేస్తున్నాననే అనుకునేదాన్ని.

దూడ పోయిన వారంలోనే సెలవు చూసుకుని గద్వాల పోయాను. అక్కడ లారీలకు, ట్రాక్టర్లకు లైట్లు అమ్మి బిగించే దుకాణం ఒకటుంది. యజమాని నన్ను చూసి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని బయటికి చూశాడు.

"సారు రాలేదా మేడం?"

"సారు లేడు."

అతని మొహం మారిపోయింది. "అయ్యో!" అని లేచి, నేను కూర్చోవడానికి స్టూలు తుడిచి, టీ చెప్పాడు. విషయం విడమరిచి చెబుదామనుకునేలోపే టీ వచ్చేసింది. వేడిగా బాగుంది, తాగేశాను.

ఇక లైట్లు. గుండ్రంగా చిన్నవి కొన్ని, సన్నగా దూరంగా కొడతాయి. బల్లపరుపు పసుపువి కొన్ని, బంపరు కింద బిగిస్తారు, వాటి వెలుగు పైకి లేవదు, నేల మీద చాపలా పరుచుకుంటుంది. ఇంకొకటి బారెడు పొడవు కడ్డీ, జీపు టాపు మీద పెట్టేది, లోపల వరసగా బుడ్డి బుడ్డి బల్బులు. అతను దాన్ని బ్యాటరీకి తగిలించి వీధిలోకి తిప్పాడు. పట్టపగలు ఎదురుగా ఉన్న చీరల దుకాణం గుమాస్తా, చేతిలో ఉన్న చీరె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తిట్ల దండకం ఎత్తుకున్నాడు.

"గిట్లుండాలె మేడం! ఎదురొచ్చేటోడు కండ్లు మూస్కొని పక్కకు జరగాలె. ఒక్కరే పోతుంటరు, చీకట్ల, చేన్లల్ల. గా పసుపుయి ఏం కానొస్తయ్?"

నా కళ్ల ముందు దూడ ఉంది. ఇంకోసారి అలా కాకూడదు. కడ్డీయే తీసుకున్నాను. బ్యాటరీ నుంచి వేరే వైరు లాగి, స్విచ్ పెట్టి మధ్యాహ్నానికల్లా బిగించేశాడు. బిల్లు దగ్గర నేనడక్కుండానే తగ్గించాడు. లేని సారు పేరు మీద నాకు రేటు తగ్గింది! జూరాల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. ఈ ముచ్చట ఎవరికైనా చెప్పాలని బండి పక్కకు ఆపి ఫోన్ తీశాను. పేర్లన్నీ కిందికీ పైకీ జరిపాను. అన్నీ రైతులవి, మందుల దుకాణాలవి, ఆఫీసువి. ఎవరికి చేయాలో తోచలేదు. ఫోన్ లోపల పెట్టి బండి స్టార్ట్ చేశాను.

ఆ లైటు చిక్కటి మంచులో హెడ్‌లైట్ల కన్నా అధ్వాన్నం అని మూడో రోజే తెలిసింది. టాపు మీద నుంచి కొట్టే వెలుగు బానెట్ మీద, మంచు మీద పడి తిరిగి నా కళ్లలోనే పొడిచేది. అయినా కొన్న వస్తువు కదా. మంచు పల్చగా ఉన్న పొద్దుల్లో, మంచు లేని పొద్దుల్లో వేసుకుని పోయేదాన్ని. అప్పుడు మాత్రం రాజసం. ఎక్కడో దూరాన కుందేలు చెవులు కూడా లెక్కగా కనపడేవి.

ఆడవాళ్లు చెయ్యెత్తడం మానేశారు.

మొదట నేనేమీ అనుకోలేదు. దూరం నుంచే కనపడేవాళ్లు, నా బండి దగ్గరికొచ్చేలోపు గట్టు దిగి, అటు తిరిగి, కొంగు మొహం మీదికి లాక్కుని నిలబడేవాళ్లు. పొద్దున్నే ఆడవాళ్లు గట్టు దిగుతుంటే ఎందుకు దిగుతున్నారని చూడకూడదు కదా. మర్యాదకు నేనూ మొహం తిప్పుకుని పోయేదాన్ని. ఇలా రోజూ జరిగేసరికి అనుమానం మొదలైంది. ఒకసారి సీటు మీద తొక్కు ఒలకబోశారని గట్టిగా అరిచాను, దానికి అలిగారా? ఆటో ఏదైనా మాట్లాడుకున్నారా? ఆదివారం కూర్చుని బల్లసీట్లు సబ్బు పెట్టి కడిగాను, పైన కొత్త రెగ్జిన్ కొట్టించాను. దాని మీద ఎవరూ కూర్చోలేదు. తర్వాత కోపం వచ్చింది. రాకపోతే పోనీ, నాకేంటి, పెట్రోలు కలిసొస్తుంది అనుకున్నాను. ఆ ఖాళీ బల్లలు గతుకుల్లో దడదడమనేవి. మనుషులున్నప్పుడు ఆ చప్పుడు లేదు. ఆపి అడిగితే అయిపోయేది. అడగడానికి నాకు మొహమాటం కాదు, పౌరుషం. చేతులెత్తి పిలిపించుకోవడం అలవాటైన మనిషిని.

సంక్రాంతి వెళ్లాక, కూలి లేని ఒకరోజు, ముసలమ్మ కుంటుతున్న మేకను లాక్కుంటూ మా దవాఖానకు వచ్చింది. వాళ్ల ఊరి నుంచి అంత దూరం నడిచి. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓయమ్మో! నువ్వు ఈడనే ఉన్నవా?"

"ఎక్కడికి పోతానవ్వా?"

"నువ్వు ట్రాన్స్‌ఫరై పోయినవనుకుంటిమి గదనే! బండి కానొస్తలేదాయె, నువ్వు కానొస్తలేవాయె."

"రోజూ మీ పక్క నుంచే పోతున్నా. మీరే మొహాలు తిప్పుకుంటున్నారు."

"గా పెద్ద లైట్ల బండి నీదా? థూ! ఇస్క టిప్పరోళ్లు అనుకొని మేం గట్టు దిగి సచ్చినట్టు నిలబడుతుంటిమి. వాళ్లు గుద్దిపోతరు, అడిగెటోడుండడు. సప్పుడు ఇంటె నీ బండి లెక్కనే ఉండె. కానీ గా వెల్తురుకు కండ్లు తెరుస్తె గదా, లోపల ఎవలున్నరో కానొచ్చేది? బుగులైతుండె."

మేక గిట్టలో ముల్లు ఉంది. వంగి దాన్ని తీస్తూ కూర్చున్నాను, తలెత్తకుండా.

"మస్తు తిట్టుకుంటిమి నిన్ను," అంది ముసలమ్మ. "ఇన్నొద్దులు కలిసి తిరిగింది, పోయేటప్పుడు ఒక మాట జెప్పిపోకపాయె, గింత రాతిగుండె మనిషా అని."

నేను పోయానని ఎవరో కోపం తెచ్చుకున్నారు. ఏ ఊరు వదిలినా నాకది జరగలేదు. బదిలీ అయిన ప్రతిచోటా శాలువా కప్పి, బత్తాయిపళ్లు ఇచ్చి, మర్నాటికి మర్చిపోయారు. ముల్లు ఎప్పుడో వచ్చేసింది, నేను మాత్రం ఆ కాలు పట్టుకునే ఉన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేక తన్నింది, అదీ మంచిదే అయింది.

మళ్లీ గద్వాల. కడ్డీ విప్పించడం ఒక్కటే అయితే వనపర్తిలోనే అయిపోయేది. కానీ ఆ మంచులో మళ్లీ ఏదో ఒక బర్రె ఈనుతుంది, నాకు బాట కనపడాలి. దుకాణంలో పసుపువి తీయించి, బంపరు కింద ఊరికే ఆనించి బ్యాటరీకి తగిలించమన్నాను. "నువ్వు పోయి జీపులో కూర్చో అన్నా, నేను ఎదురుగా నిలబడతా," అన్నాను.

"గదేంది మేడం? లైట్లు చూసుకునేది బండిల కూసోని గదా!"

"కూర్చో."

జీపు దుకాణం వెనక గోడౌన్‌లో పెట్టించి, షెట్టరు దించి చీకటి చేయించాను. ముందు కడ్డీ వేయమన్నాను. నేను నిలబడ్డ చోటు నుంచి జీపు లేదు, మనిషి లేడు, మండుతున్న తెలుపు తప్ప ఏమీ లేదు. తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక అడుగు పక్కకు వేశాను. రోజూ వాళ్లు వేసిన అడుగు. తర్వాత బంపరు కిందివి వేయమన్నాను. నా చెప్పులు, చెప్పుల చుట్టూ నేల, పసుపు రంగులో తేటగా కనపడ్డాయి. తలెత్తి చూస్తే అద్దం వెనక దుకాణదారు విసుగు మొహం కూడా కనపడింది. అతను నా మీద పళ్లు నూరుకుంటున్నాడని కూడా తెలిసింది. "ఇవే," అన్నాను. కడ్డీ విప్పేసి, వీటిని కొంచెం కిందికి వంచి బిగించమన్నాను. ఈసారి అతను సారు గురించి ఎత్తలేదు, రేటూ తగ్గించలేదు.

నాకున్న తొందర ఆ లైట్లకు లేదు. బిగించిన మర్నాడు మంచు లేదు, ఆడవాళ్లూ లేరు. ఆ తర్వాత రోజులు కూడా దారి ఖాళీ. పత్తి అయిపోయింది, వాళ్లు ఏ చేలకు పోతున్నారో నాకు తెలియదు. పొద్దున్నే పని లేకపోయినా రెండుసార్లు ఆ బాటలో పోయి వచ్చాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, సిగ్గు వేసి.

ఆ చలికాలానికి చివరి మంచు అనుకుంటాను, ఒక పొద్దున గట్టిగా పట్టింది. వీపనగండ్ల వైపు ఒక ఆవుకు పురుడు పోసి తిరిగి వస్తున్నాను. దూడ బతికింది, జున్నుపాల డబ్బా పక్క సీట్లో పెట్టుకుని ఇంటికి పోతున్నాను. జున్ను ఎంత తింటాను ఒక్కదాన్ని, సగం పారబోయాల్సిందే అని లెక్క వేసుకుంటున్నాను. మంచు కింద పసుపు వెలుగు మోకాళ్లెత్తున పరుచుకుని ఉంది. ఆ వెలుగులోకి పాదాలు వచ్చాయి. పగిలిన మడమలు, ప్లాస్టిక్ చెప్పులు, ఒక కాలికి వెండి కడియం, ఎత్తి దోపిన చీరె కుచ్చిళ్లు. ఆ పైన మనుషులు లేరు, మంచు ఉంది. పాదాలు ఆగాయి. గట్టు దిగలేదు, దగ్గరికీ రాలేదు. పైన చేతులు లేచాయో లేదో నాకు కనపడలేదు.

బండి ఆపాను. ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఇన్నేళ్లలో నేనెవరినీ పిలిచి ఎక్కించుకోలేదు. ఆ అలవాటు లేని మనిషికి బండి దిగడం కూడా ఎంత కష్టమో చెప్పలేను. దిగి, లైట్ల ముందుకు నడిచి, నా కాళ్లు కూడా వాళ్లకు కనపడే చోట నిలబడ్డాను.

"ఎవలు?" మంచులోంచి ముసలమ్మ గొంతు.

"నేనే అవ్వా, డాక్టర్ని."

"యాడికి పోతున్నవ్?"

నేను పోతున్నది వనపర్తికి, ఇంటికి. వాళ్లు పోయేది నేను వచ్చిన వైపే, వెనక్కి. అటు నాకు పనేమీ లేదు.

"మీరు యాడిదాంక పోతే ఆడిదాంక వస్త," అన్నాను. "జర ఎక్కుర్రి. ఒక్కదాన్నే ఉన్న."