చిన్న ముక్కలు పోయేదాకా

మా మేనత్త పోయిందన్న కబురు భూపాలపల్లికి ఒక లారీ డ్రైవర్ మోసుకొచ్చాడు. కేసముద్రంలో మా నాయిన అడ్తి దుకాణానికి వడ్లు తోలే మనిషి. నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర నిలబడి తలరుమాలు విప్పి చేతిలోకి తీసుకున్నప్పుడే నాకు అర్థమైంది. "అత్తమ్మ పొద్దుగాల చాయ తాగి ఒరిగిందమ్మా. మల్ల లేవలె" అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆమె ముఖం కంటే ముందు వేళ్లు గుర్తొచ్చాయి. పేక పత్తాలు ఆడేటప్పుడు అస్సలు కదలని వేళ్లు.

అవును, మా అత్త పత్తాలాడేది. అరవై తొమ్మిది ఉద్యమంలో ఆమె మహబూబాబాద్‌లో ఉండేది. మామ రైల్వే గార్డు. బండ్లు ఆగిపోయిన రోజుల్లో ఆయన దోస్తులంతా వరండాలో చేరి ఇరవై ఒకటి ఆడేవాళ్లట. ముక్కలు కలిపి ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటితే పోయినట్టే. బొమ్మలకు పది. పంచేటోడు పదహారు దాకా ముక్క తీయక తప్పదు. కట్ట మొత్తం అయిపోయేదాకా మళ్లీ కలపరు. చాయ పోస్తూ పోస్తూ అత్త ఆ సందు పట్టుకుంది. చిన్న ముక్కలన్నీ ముందే పోతే కట్టలో మిగిలేవి పెద్దవి. అప్పుడు పదహారు మీద ముక్క తీసే పంచేటోడు మునుగుతాడు.

మొదట అన్ని ముక్కలూ గుర్తుపెట్టుకోబోయింది. పాలు పొంగిపోయాయి, అత్తగారితో మాటలు పడ్డది. తర్వాత బొమ్మలు మాత్రమే, బొమ్మకొక గాజు వెనక్కి జరుపుతూ లెక్కపెట్టింది. గాజుల చప్పుడుకు మగవాళ్లు తలెత్తి చూశారు. చివరికి మనసులోనే ఒక బాయి చేద ఊహించుకుని అక్కడ ఆగింది. చిన్న ముక్క పోతే బొక్కెన ఒక మూర పైకి, పెద్ద ముక్క పోతే ఒక మూర కిందికి. "ఏడు, ఎనిమిది, తొమ్మిదిని పోనియ్యి బిడ్డ. అన్ని పట్టుకుంట కూసుంటె ఒక్కటి దొరకది" అనేది.

నేను బీఎస్సీ చదివినదాన్ని, ఊరుకుంటానా? ఆసుకు ఒక విలువ, పదులకు ఒక విలువ, అయిదుకు వేరే విలువ అని ఒక పట్టిక తయారుచేశాను. అత్త ముక్కలు ఒక్కొక్కటే తిప్పుతూ మిర్చి ధర అడిగింది, వాన వెలిసిందా అని అడిగింది. నేను నాలుగో ముక్కకే తప్పిపోయాను. ఆమె నవ్వలేదు. "మంచి లెక్కనే. మీ నాయిన మాట్లాడకుండ ఆడితె పనికొస్తది" అంది.

మామ పోయాక ఆమె మా ఇంటికే వచ్చేసింది. వానకు మార్కెట్ మూసిన మధ్యాహ్నాలు అక్కా తమ్ముడూ చింతగింజలు పెట్టి ఆడేవాళ్లు. నాయినకు ఒక పట్టింపు ఉంది. దుకాణంలో మాట అటూ ఇటూ అయినా, పత్తాల మీద అన్న మాట తప్పడు. చుట్ట మానింది అట్లనే, అత్త చేతిలో ఓడి.

భూపాలపల్లిలో, బొగ్గుబాయి కాలనీ బడిలో, నాకు నౌకరి వచ్చింది. అడవిల ఒక్కతెను ఎట్ల పంపుతనని నాయిన నెల నుంచి ఒకటే మాట. మర్నాడే చేరాలి. ఆ మధ్యాహ్నం వాన పడుతోంది, ఇద్దరూ ఆటకు కూర్చున్నారు. ముందురోజే అత్త నాకు చెప్పింది, ఆటలోనే నాయినను నా నౌకరి సంగతి అడుగుతానని. అడగదేం? ఒక పందెం అయింది, రెండు అయినయి. చింతగింజలు ఇటూ అటూ పోతున్నయి. నాయిన ఇంటి పైకప్పు కారుతోందన్నాడు, కేసముద్రంల పత్తి ధర పడిందన్నాడు. అత్త అన్నింటికీ జవాబు చెప్తోంది. లోపలి గదిలో పొద్దుటి రైలుకు సర్దిన నా పెట్టె. కట్ట సగానికి వచ్చింది. రెండు రాణులు, ఒక రాజు పోయినయి, అత్త ఒకటే గింజ పెట్టింది. నేను గొంతు సవరించుకున్నా. ఆమె నావైపు చూడలేదు.

ఆ తర్వాత వరుసగా మూడు, రెండు, నాలుగు, ఆరు, మళ్ల మూడు. చిన్నవే.

"తమ్మి, ఈ ఆట మీద పిల్ల నౌకరి పెడుతున్న" అంది అత్త.

నాయిన చేయి ఆగింది. "ఓడితె?"

"ఓడితె పిల్ల మల్ల నౌకరి ముచ్చట ఎత్తది."

నన్ను అడగకుండా నా మాట పెట్టేసింది. నాకు ఒళ్లంతా మండింది. నాయిన కాసేపు నా ముఖం చూసి, సరేనని పంచాడు. అత్తకు రాజు, ఎనిమిది. పద్దెనిమిది దగ్గర ఆగింది. నాయిన ముందు తెరిచిన ముక్క పది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నా. మూసిన ముక్క తిప్పాడు, అయిదు. పదిహేను. తీయాల్సిందే. చాలాసేపు కట్ట మీద వేలు పెట్టి ఉంచాడు. తీశాడు. రాణి. మునిగాడు.

నాయిన ముక్కలు పోగుచేసి, "పొద్దుగాల బండి ఎన్నింటికి?" అన్నాడు.

వంటింట్లో అత్తను పట్టుకున్నా. ఓడిపోతే నా గతేమయ్యేదని అడిగా.

"ఓడిపోతుంటిమి బిడ్డ" అంది, బియ్యం చేటలో రాళ్లు ఏరుతూ. "బొక్కెన పైకున్నప్పుడు కూడ పదిట్ల ఆరు సార్లే మనయి. ఊకె కూసుంటె పదిట్ల ఒక్కటన్న వస్తుండెనా?"

ఇది దొంగాట కదా అంటే మాత్రం నిజంగానే కోపగించుకుంది. అందరి ముందు పరిచిన ముక్కలను చూసి యాదికి పెట్టుకుంటె దొంగతనమెట్ల అయితదని. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే నాయిన నా పెట్టె పట్టుకుని స్టేషన్‌కు బయలుదేరాడు. ప్రయాణమయ్యేవాళ్లకు ఎదురు రావద్దని, మామ పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎవరు ఊరికి పోతున్నా అత్త పెరట్లోనే ఉండిపోయేది. ఆ పొద్దు పెరట్లో లేదు. వాకిట్లో లేదు. మేం మార్కెట్ దాటి పత్తి లారీల మధ్య నుంచి నడుస్తుంటే, స్టేషన్ వైపు నుంచి తెల్లచీరలో ఒక మనిషి వస్తోంది. నాయిన అడుగు ఆగింది. ఆమె పక్కకు జరగలేదు, తల దించలేదు. రాత్రి వానకు నిలిచిన నీళ్లలోంచి చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, నా ముఖంలోకే చూస్తూ, నాకు ఎదురుగా నడిచి వచ్చింది.