మా వంటగట్టు ఎత్తు

సభకు నమస్కారం. గ్రానైట్ రాయికి, గోడ టైల్స్‌కి, పొగలేని వంటిల్లు కోరుకునే సమస్త గృహిణులకి, ఇది చదివి "వీడికి పనిలేదా" అనుకోబోతున్న నా బరంపురం మిత్రులకి సాష్టాంగపడి ముందుగానే క్షమాపణ చెప్పుకుంటున్నాను. నేను అభివృద్ధికి వ్యతిరేకిని కాను. బీకాం కూడా చదివాను.

మా చిన్నప్పుడు... మా వంటింట్లోకి వెళ్లాలంటే తల వంచాల్సిందే. భక్తితో కాదు, గుమ్మం అంత పొట్టిది. లోపల మామ్మ, అంటే మా నాన్న వాళ్లమ్మ, కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునేది. కుడిపక్క ఉప్పు జాడీ, చింతపండు కుండ. ఎడమపక్క కత్తిపీట. ఒళ్లో ఊదుగొట్టం. లేవకుండానే ఇంటిల్లిపాదికీ వండేసేది. దాల్మాలోకి, అదే కూరముక్కల పప్పులోకి, ఆవిడ పోపు వేస్తే వీధి చివర తుమ్ములు వినబడేవి...

ఆదివారం గోపాలపూర్ చేపలొస్తే నడుముక్క ఎవరికి, తల ఎవరికి అన్నది ఆవిడ తీర్పు. అప్పీలు లేదు. ఊదుగొట్టం అందేంత దూరంలో ఎవరూ అబద్ధం ఆడేవారు కారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న వంటిల్లు బాగు చేయించాలని నిర్ణయించారు. గోడలన్నీ మసి, అమ్మకి పొగతో ఆగని దగ్గు. అందుకని గ్యాస్ పొయ్యి, నల్లరాతి గట్టు, నిలబడి వంట.

పాత పొయ్యి పగలగొట్టడానికి రోజు కుదరడమే కష్టమైంది. లక్ష్మివారం దాని జోలికి వెళ్లకూడదంది మామ్మ. శుక్రవారం అసలే వద్దంది. శనివారం ఇనుము తగలకూడదంది. ఆదివారం మేస్త్రి రాడు. చివరికి, "సోమారం పగలగొట్టీండి," అంది. సోమవారం పొద్దున్నే లేచి ఆ పొయ్యినే ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టింది. పది గంటలకి సమ్మెట పడింది. మట్టి ఇంకా తడిగానే ఉంది...

పదిహేను రోజుల్లో కొత్త వంటిల్లు తయారైంది. తెల్లటి టైల్స్ మీద ద్రాక్షగుత్తులు, టీ కప్పులు, మా వంశంలో ఎవరూ తిని ఎరగని స్ట్రాబెర్రీలు. ఇరుగుపొరుగు దర్శనానికి వచ్చారు. నేను గైడునై తిప్పి చూపించాను.

గట్టు మాత్రం మామ్మకి గుండెల దాకా వచ్చింది.

అమ్మ పొడగరి. మామ్మ ఎంత పొట్టి అంటే, అప్పటికే నేను ఆవిడని మించిపోయాను. కడాయిలో ఏముందో ఆవిడకి కనబడేది కాదు. మునివేళ్ల మీద లేచి, ఆవిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకుని, గరిటె చప్పుడును బట్టి కలిపేది. పొయ్యి నేలమీద పెట్టుకుంటానంది. సిలిండర్ కంటే కింద పొయ్యి ఉండకూడదని నాన్న ఒప్పుకోలేదు. గట్టు దించుదామంటే, రాయి ఊడదీస్తే విరిగిపోతుందన్నారు. ఒకరోజు ఆవిడ తన పీట తెచ్చుకుని, దానిమీద నిలబడి అన్నం వార్చబోయింది. పీట జారింది. గంజి కాలిమీద పడింది.

కాలికి కట్టు కట్టాక అమ్మ ప్రేమగానే అంది, "ఇంక నువ్వు ముట్టుకోకు అత్తా. ఇన్నాల్లూ సేసినావు కదా, కూకో."

మామ్మ కూర్చుంది. ఫ్రిజ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. వెల్లుల్లి వొలిచేది, చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. మొదట్లో ఉప్పు ఎంతో చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది. తర్వాత ఆ కుర్చీ వరండాలోకి జరిగింది. ఎవరు జరిపారో గుర్తులేదు...

ఒక మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి, మామ్మ వంటింటి గుమ్మం బయట నిలబడి అమ్మని అడుగుతోంది.

"ఈయేళ ఏటి వండినావమ్మా?"

చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు అడిగినట్టు అడిగింది.

మామ్మ పాతకాలం మనిషనీ, కొత్త వంటిల్లు ఆవిడకి నచ్చలేదనీ మా ఇంట్లో కథ స్థిరపడిపోయింది. గట్టు సంగతి వచ్చినప్పుడల్లా నాన్న మేస్త్రిని తిట్టేవారు, కొలత తెలియని మనిషని. ఆ తిట్లకి నేను రెండు జోకులు కలిపి అందరినీ నవ్వించేవాణ్ణి. మామ్మ వరండాలో అవన్నీ వింటూ వెల్లుల్లి వొలుచుకునేది.

ఆవిడ పోయి మూడేళ్లు. ఈ వారం మా వంటిల్లు మళ్లీ మారుతోంది, ఈసారి మాడ్యులర్. స్ట్రాబెర్రీలన్నీ పెచ్చులుగా రాలి నేలమీద పడుతున్నాయి. నిన్న కొలతలకి వచ్చినాయన టేపు లాగుతూ నన్నే అడిగాడు, వంట చేసేది ఎవరండీ అని. రోజంతా వాగే నేను వంగి, రాలిన టైల్ పెచ్చులు ఏరడం మొదలుపెట్టాను. అమ్మ నన్ను వింతగా చూసి, తనే వెళ్లి నిలబడింది.

మీ ఇంట్లో గట్టు ఎవరి నడుం ఎత్తుకి కట్టారు? ఒకసారి లేచి వెళ్లి చూసి, కింద రాయండి... అందాకా మా ఇంటి సంగతి నేను రాస్తాను. ఇంత కథలో నేను నిజంగా చేసింది ఒక్కటే.

గట్టు కొలిచిన రోజు నాన్న బజార్లో మా కొట్లో ఉన్నారు. అమ్మ పెరట్లో కుళాయి దగ్గర ఉంది. మామ్మ కాళ్లు కడుక్కుని, కొంగు నడుముకి దోపుకుని, ఫొటోకి నిలబడ్డట్టు వంటింటి గోడకి ఆనుకుని నిటారుగా నిలబడింది. "ఇంక నానూ నిల్సోని వండుతాను, సూడు," అంది నాతో. ఆవిడ మొహంలో అంత సిగ్గు, అంత సంబరం నేను అంతకుముందు చూడలేదు.

మేస్త్రి గోడమీద ఎత్తు గీయడానికి బొగ్గుముక్క పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆవిడని చూశాడు, నన్ను చూశాడు. "వండీది ఎవులు బాబూ?" అన్నాడు.

మా క్లాసు వాళ్లు వస్తే రాబోయే ఆ తెల్లటి టైల్స్ ముందు పొగవాసన కొట్టే మామ్మ ముతక చీర కనబడకూడదని నాకుండేది.

"మా అమ్మ," అన్నాను.

మామ్మ గోడ దగ్గర నుంచి పక్కకి జరిగింది. అమ్మని పిలుచుకు రావడానికి పెరట్లోకి తనే వెళ్లింది.