వంతెన మీద తెగిపోయే వైఫై

ఒకే పని మీద ఎల్బీ నగర్‌కు ఇది మూడోసారి. దిల్‌సుఖ్‌నగర్‌లో తొమ్మిదింటి మెట్రో ఎక్కి, తలుపు దగ్గర ఇరుక్కుని నిలబడ్డానో లేదో సునీత ఫోన్ చేసింది. ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అక్కడి వైఫై బాగుచేసే ఖర్మ నాది.

"అన్నా, నిన్న మళ్ల కట్ అయింది. అప్పుడే పుట్టిన బిడ్డ ఊపిరి సరిగ్గ తీస్తలేదని పిల్లల వార్డుకు తీస్కపోతున్నం, సార్ ఇంటికాడ్నుంచి ట్యాబ్ వీడియోల చూసుకుంట చెప్తున్నడు. వంతెన మీదికి రాంగనే బొమ్మ ఆగింది. ఇగ బిడ్డను పట్టుకొని వార్డుకు ఉరికిన."

"బిడ్డ ఎట్లున్నది?"

"ఇప్పుడు మంచిగనే ఉన్నది. గానీ మధ్యాన్నం ఇంకో ఆపరేషన్ ఉన్నది, నెల తక్కువ కాన్పు. జల్ది రా అన్నా."

పక్కన నిలబడ్డ పెద్దాయన అంతా విన్నాడు. "రైలు గింత ఉరుకుతుంటె నీ ఫోన్ కట్ కాలే. నడిస్తె వాళ్లది కట్ అయితదా?"

నా మంట కూడా అదే. దవాఖాన డాక్టర్ దంపతులది. పాత భవనంలో మేడమ్ కాన్పులు చేస్తుంది, కొత్త భవనంలో ఆమె భర్త, అంటే సార్, పిల్లల వార్డు చూస్తాడు. రెండిటినీ కలుపుతూ మధ్యలో వంతెన. ఎవరి మనిషితో వాళ్లు వైఫై పెట్టించుకున్నారు, నెట్‌వర్క్ చిరునామాల వరస కూడా ఎవరిది వారిదే. సంసారం ఒకటే కదా అని పేరు మాత్రం ఒకటే పెట్టారు! ఆ పేరు చూసి ట్యాబ్ మోసపోతుంది. పాత భవనం చిరునామాతోనే కొత్త భవనంలోకి వెళ్తుంది. అక్కడ దాన్ని పలకరించేవాళ్లే ఉండరు.

ఎల్బీ నగర్‌లో దిగి, ఆటోకు యాభై ఇచ్చి చేరాను. మేడమ్ పాత పాటే పాడింది. "మా వైపు బాగానే ఉందండీ, కదిలించకండి." హయత్‌నగర్‌లో ఇంట్లో ఉన్న సార్ ఫోన్లో, "మా దిక్కు మంచిగనే ఉన్నది. వాళ్లదే మార్చు" అన్నాడు. రెండుసార్లు ఈ మాటలకే తిరిగిపోయాను. ఈసారి ఓపిక చచ్చిపోయింది. సార్‌కు వీడియో కలిపి, ట్యాబ్ మేడమ్ చేతిలో పెట్టి, నడవమన్నాను.

వంతెన సగంలో సార్ ముఖం నోరు తెరిచి ఆగిపోయింది.

"ఏవండీ? ఏవండీ!" అంది మేడమ్. తర్వాత నా వైపు తిరిగి, "మార్చేయండి" అంది మెల్లగా.

రెండు భవనాల్లోనూ ట్యాబ్‌లకు ఒకే వరస చిరునామాలు అందేలా కలిపి, ఒంటిగంటకు ముగించాను. పులిహోర పొట్లం తిని, అటూఇటూ నడిచి చూసుకుని, తిరుగు మెట్రో ఎక్కాను.

చైతన్యపురి దగ్గర సునీత ఫోన్. "ఆపరేషన్ అయింది, బిడ్డ వార్డుల ఉన్నదన్నా. వంతెన మీద సార్ ముఖం ఒక్కసారి గూడ ఆగలే." వెనక సన్నగా ఏడుపు వినిపించింది.

ఆ ఏడుపే వింటూ, దిగాల్సిన దిల్‌సుఖ్‌నగర్ దాటిపోయాను. మూసారాంబాగ్‌లో దిగి మళ్లీ వెనక్కి ఎక్కాను. మూడు ప్రయాణాల్లో నాకు కోపం రానిది ఆ ఒక్క స్టేషన్లోనే.