ఎడమ భుజం నొప్పి

ఆ ఇస్త్రీ దుకాణంలో ఏ నొప్పి వచ్చినా నేరం ఇస్త్రీపెట్టె మీదికే పోయేది. నడుము పట్టినా, మెడ లాగినా, ఆఖరికి పన్ను సలిపినా సరే, ‘పెట్టె నొప్పి’ అని పేరు పెట్టి, మందు రాసుకొని, అత్తాకోడళ్లు మళ్లీ బల్లకు చెరోవైపున నిలబడేవారు.

కోడలిని అందరూ మబ్బుపిల్ల అనేవారు. తడి చల్లిన దుప్పటిపై పెట్టె నడిచినప్పుడు లేచే ఆవిరిని చూస్తూ ఆమె లోకాన్నే మరచిపోయేది. పెళ్లయి కొన్నేళ్లయినా కడుపు పండలేదు. అందుచేత ఆ ఆవిరిలో ఒక చిన్న ముఖం లీలగా కనబడుతూ ఉండేది. ఈసారి నెల తప్పగానే ఆ ముఖానికి కళ్లు కూడా వచ్చాయి. తరువాత కాస్త నెత్తుటి మరక కనబడగా, ఎప్పటి ఆశే గదా అని ఎవరికీ చెప్పక ఊరకుంది.

ఒక మధ్యాహ్నం పొత్తికడుపులో ఒక పక్కన సూదులు గుచ్చినట్లయింది. పిమ్మట ఎడమ భుజం కొసన నొప్పి మొదలైంది. బల్లమీది తెల్లని దుప్పట్లు మెల్లగా పైకి లేస్తున్నట్లు, వాటి వెంట తానూ తేలిపోతున్నట్లు ఆమెకు తోచింది.

“పెట్టె నొప్పి, అత్తయ్యా. కాస్త మందు రాస్తారా?”

“రాయక చస్తానా! మహారాణిగారి సేవకేగా నేను పుట్టింది,” అంటూ అత్త భుజం పట్టి చూసింది. వేళ్లు చప్పున ఆగిపోయాయి.

“ఇదేమిటే, వెన్నలా మెత్తగా ఉంది? కండ పట్టేస్తే వేలికి గడ్డలా తగలాలి కదా. అయినా పెట్టె తోసేది కుడిచెయ్యి, ఏడ్చేది ఎడమ భుజమా? ముఖం చూస్తే సున్నంలా పాలిపోయింది. నిజం చెప్పు, నెల సరిగా వచ్చిందా?”

“ఆలస్యమైంది... తరవాత మరకలే. కడుపులో ఒక పక్క పొడుస్తోంది. కళ్లు తిరుగుతున్నాయి.”

“అయ్యో నా తల్లీ, ఇప్పుడా చెప్పడం! పద ఆసుపత్రికి.”

ఆసుపత్రిలో మూత్రపరీక్ష చేసి, గర్భమేనన్నారు. ఒక్క క్షణం ఆ గదినిండా ఆవిరి కమ్మినట్లయి, మబ్బుపిల్ల నవ్వింది. స్కాన్ చేసిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

“గర్భసంచిలో ఏమీ లేదమ్మా. పిండం దారిలోనే, గర్భసంచికి చేర్చే నాళంలో ఆగిపోయింది. అక్కడ నిలవదు. నాళం చిట్లి లోపల రక్తం కారుతోంది. ఆ రక్తం పొట్ట పైభాగానికి చేరి అక్కడి నరాన్ని రేపినందుకే భుజంలో నొప్పి. వెంటనే ఆపరేషన్ చేయాలి.”

“మా పిల్ల దక్కుతుందా, అమ్మా?” అంది అత్త.

“మీ కోడలు దక్కుతుంది. ఇంకా ఆలస్యమైతే ఆ మాట చెప్పలేకపోయేదాన్ని.”

మెలకువ వచ్చేసరికి ఎదుట తెల్లని దుప్పటి. ఏ మబ్బుమీద ఉన్నానోనని ఆమె తికమకపడింది. దుప్పటి అంచును వేళ్లతో సరిచేస్తూ అత్త గొణుగుతోంది.

“ఇస్త్రీయా ఇది? మడతకొక ముడత!”

ఆ మాటతో తాను బతికే ఉన్నానని ఆమెకు రూఢి అయింది.

“పోయిందా, అత్తయ్యా?”

“పోయిందమ్మా.” అత్త దుప్పటి అంచును మళ్లీ సరిచేసింది. “రెండో నాళం బాగుందట. మళ్లీ నెల తప్పితే మాత్రం ఆ రోజే చూపించుకోమన్నారు. దాచావో, నీ వీపుకే ఇస్త్రీ!”

కొంతకాలానికి ఆమె తిరిగి బల్లవద్దకు వచ్చింది. పెట్టె ముట్టనివ్వక, అత్త ఒక పెద్ద దుప్పటి కొసలు రెండు ఆమె చేతికిచ్చింది. చెరోవైపున నిలిచి విదిలించగా దుప్పటి గాలిలో ఉబ్బి మెల్లగా దిగింది. ఆ తెల్లదనంలో ఆ చిన్న ముఖం కొరకు ఆమె వెదకింది. కొసలు కలపడానికి అత్త ఎదురు నడచి వచ్చి, వాటితోపాటు ఆమె చేతులను కూడా పట్టుకొని, కాసేపు వదలలేదు.