బాపు దిబ్బ ఎక్కని రోజు

మా ఓపెన్‌కాస్ట్ గనిలో తవ్విపోసిన మట్టి దిబ్బను కొలవాలంటే, ఒక మనిషి పొడవాటి కర్ర పట్టుకొని దాని అంచు దాకా ఎక్కాలి. ఆ మనిషి మా బాపు. కింద పరికరంలోంచి ఆ కర్రను చూసి లెక్క రాసుకునే సర్వేయర్ని నేను. మొన్నటి వానలకు అంచు విరిగి బాపు నడుము దాకా కూరుకుపోయాడు. అప్పటి నుంచి ఆయన ఇంటికొస్తే గానీ నన్ను కన్న అవ్వ ముద్ద ముట్టేది కాదు. నాకైతే ఆ కర్రను చూస్తేనే ఒళ్లు మండేది.

పోరి పోరి లేజర్ స్కానర్‌ను పరీక్షకు తెప్పించాను.

"పగటి బువ్వ యాళ్ల దాక చూస్త. దిబ్బ సక్కగ రాకపోతే డబ్బా వాపస్, మీ బాపు పైకి" అన్నాడు ఆఫీసరు.

దాన్ని స్టాండు మీద బిగిస్తుంటే బాపు అడిగాడు. "గిదెట్ల కొలుస్తది బిడ్డా?"

"గని గోడకు కేకేస్తే మళ్ల మనకే ఇనవడ్తది గద బాపు. గట్లనే ఇది వెలుగును ఇసురుతది. తాకి మళ్లొచ్చేటందుకు ఎంతసేపు పట్టిందో సూసి దూరం చెప్తది. సుట్టూ అద్దం ఉన్నది గద, దాని లోపల తిరుక్కుంట అన్ని దిక్కులకు."

జీపులోంచి ట్యాబ్ తెచ్చి మొదలుపెట్టాను. తెర మీద చుక్కలు చుక్కలుగా షెడ్డు వచ్చింది, జీపు వచ్చింది, ఆఫీసరు పొట్ట కూడా వచ్చింది. దిబ్బ ఉండాల్సిన చోట మాత్రం నల్లటి ఖాళీ.

"గంత దిబ్బ కనవడలేదా అమ్మా నీ డబ్బాకు?" ఆఫీసరు నవ్వాడు.

బాపు మెల్లగా కర్ర అందుకున్నాడు. "నేనెక్కుత తియ్. ఫికర్ చెయ్యకు."

"ఒక్క అడుగేస్తే ఊకోను బాపు!" అని అరిచాను. కోపంతో డబ్బాను షెడ్డు వైపు తిప్పి మళ్లీ నడిపాను. ఈసారి దిబ్బ వచ్చింది, షెడ్డు పోయింది! ఖాళీ డబ్బాతోపాటే తిరిగింది. అంటే లోపం దిబ్బలో లేదు, అద్దంలోనే ఉంది.

అటువైపు వెళ్లి చూద్దును కదా, అద్దం మీద మూడు వేళ్ల వెడల్పున పసుపు, కుంకుమ. కొత్త బండైనా, బోరు మోటారైనా బొట్టు లేకుండా బాపు నడవనివ్వడు. నేను జీపు దగ్గరికెళ్లిన సందులో పని కానిచ్చాడు. వెలుగు బొట్టు దగ్గరే ఆగిపోతోంది.

"దాని కండ్లకే పెట్టినవా బాపు?"

"మొకమనుకున్న బిడ్డా."

చున్నీ తడిపి అద్దం తుడిచాను. స్టాండు కాలికి కొత్త బొట్టు పెట్టాను. మళ్లీ నడిపితే దిబ్బ మొత్తం వచ్చింది, కింది నుంచి అంచు దాకా. బాపు కూరుకుపోయిన చోటు కూడా. గెలిచినంత ఆనందంతో గని దద్దరిల్లేలా కేకేశాను. ఆఫీసరు తెరను అటు తిప్పి, ఇటు తిప్పి, పాత లెక్కతో పోల్చి చూసి, "సరే, ఇగ కర్ర బంద్" అన్నాడు.

బాపు కర్ర కింద పెట్టి అవ్వకు ఫోన్ చేశాడు.

"ఇయ్యాల్టి సంది నేను కిందనే ఉంట. నా కోసం సూడకు, నువ్వు యాళ్లకు తిను."